అరిగిన గొలుసుకి ఏ ఆకురాయి?

పదవీ విరమణకు మూడేళ్ళ ముందు, వానాకాలం మొదలవుతుండగా, నన్ను జూబ్లీహిల్స్‌కు యంత్రాల సూపర్‌వైజరుగా వేశారు. గాలివానకు కూలిన చెట్లను తొలగించే మున్సిపల్ బృందం మాది. నా పైన ఒక అసిస్టెంట్ ఇంజనీరు, కింద ఇద్దరు ఆపరేటర్లు, ఆరుగురు కూలీలు. కోయడం ఆపరేటర్ల పని. ఏ రంపానికి ఏ సరుకు ఇవ్వాలో తేల్చి సంతకం పెట్టడం నా పని.

మిషన్ రంపంలో చెట్టును కోసేది చుట్టూ తిరిగే గొలుసు. దాని పళ్ళు మొద్దుబారితే గుండ్రటి ఆకురాయితో పదును పెడతారు. వరసగా మూడు రివెట్ల మధ్య దూరం కొలిచి సగం చేస్తే గొలుసు సైజు తెలుస్తుంది. ఆ సైజుకు ఎంత లావు ఆకురాయి వాడాలో కంపెనీ చార్టులో ఉంటుంది. మా పెద్ద రంపానికి అయిదున్నర మిల్లీమీటర్లది. వెళ్ళిన వారంలోనే ఆ చార్టు స్టోరు గోడకు అంటించి, వేరే సైజులు ఇవ్వొద్దని ఆర్డరు రాశాను.

సీనియర్ ఆపరేటరు యాదయ్యది బోరబండ. పాత గొలుసు ఒకటి పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు.

"సార్, పన్ను అరిగి సగమైంది. గీ ఆకురాయి పైపైన రుద్దుతున్నది గానీ పదును వడ్తలేదు. జర సన్నది ఇప్పించుండ్రి."

అడిగినది అయిదు పాయింట్ రెండు. మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేని తేడా. చార్టులో ఉన్నదే వాడమన్నాను. అతను గొలుసు తీసుకుని వెళ్ళిపోయాడు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం ఫిల్మ్‌నగర్ సందులో పెద్ద తురాయి చెట్టు వాచ్‌మన్ రేకుల గదిపై పడింది. అతని భార్య లక్ష్మమ్మ లోపలే ఉంది. కాలు మంచం కింద ఇరుక్కుంది. తలుపుకు అడ్డంగా మాను. దాని బరువుకు రేకులు కొంచెం కొంచెంగా కిందికి వంగుతున్నాయి. రెండో రంపం వేరే చోట పనిలో ఉంది.

యాదయ్య పెద్ద రంపానికున్న ఆ అరిగిన గొలుసుతోనే కోత మొదలుపెట్టాడు. పదునైన గొలుసు చెక్క పేళ్ళు రాలుస్తుంది. ఇది మెత్తటి పొట్టు రాల్చింది. పొగ లేచింది. నాలుగు అంగుళాలు దిగాక రంపం ముందుకు పోలేదు. ఇలాగే నెట్టాలా, ఆపి పదును పెట్టాలా? చెప్పాల్సింది నేనే.

"నీ దగ్గర సన్నది ఉందా?" అని అడిగాను.

"ఉన్నది సార్. ఎర్రగడ్డ అంగడిల కొనుక్కున్న. మీరు వద్దన్నరని బయటికి తియ్యలే."

ఆపమన్నాను. రంపం చప్పుడు ఆగగానే లోపలి నుంచి లక్ష్మమ్మ అరిచింది: "ఎందుకు ఆపిన్రు సార్? పోతున్నరా?"

"ఎక్కడికీ పోవడం లేదమ్మా. పది నిమిషాలు. ఇక్కడే ఉన్నాను," అన్నాను. వాచ్‌మన్ నా పక్కనే నిలబడి రంపం వైపు చూస్తున్నాడు.

ముప్పయ్యారు పళ్ళు. గొలుసు చుట్టూ తిరిగే బ్లేడును నేను కదలకుండా పట్టుకున్నాను. యాదయ్య ఒక్కో పంటికి మూడుసార్లు, ముందుకు మాత్రమే తోస్తూ, తొందరపడకుండా పూర్తిచేశాడు. ఈసారి పేళ్ళు రాలాయి. మాను రెండుగా తెగింది. వాచ్‌మనే లోపలికి దూరి భార్యను ఎత్తుకొచ్చాడు. ఆమె పాదం వాచింది, ఎముక విరగలేదు.

రిపోర్టులో పని ఆలస్యానికి కారణం నా ఆర్డరేనని రాశాను. ఆ వాక్యం అవసరమా అని అసిస్టెంట్ ఇంజనీరు అడిగారు. ఉండనివ్వండి అన్నాను.

ఆ తర్వాత తెలుసుకున్నది ఇది. చార్టులోని సైజు కొత్త గొలుసుకు. పన్ను అరిగేకొద్దీ ఎత్తు తగ్గుతుంది. సగం అరిగాక ఒక సైజు సన్నది వాడాలి. ఆకురాయి లావులో అయిదో వంతే పంటి అంచు పైకి కనబడాలి, అంతకు మించితే పదును రాదు. యాదయ్య చేతికి ఇది తెలుసు. అతను తెచ్చిన రోజే గొలుసును నా చేతిలోకి తీసుకుని చూసి ఉంటే నాకూ తెలిసేది.