ఆరో బిళ్ళ

నా ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఆరు కాగితపు బిళ్ళలు వాడాను. ఒక్కోటి చొక్కా గుండీ అంత. ఒకటి వేప, రెండు తులసి, మూడు తిప్పతీగ, నాలుగు పసుపు, ఐదు గాయపాకు. ఆరో దాంట్లో మందేమీ లేదు, ఆకులు నానబెట్టడానికి వాడిన ఉత్తి ఆల్కహాల్ మాత్రమే. బ్యాక్టీరియా పరిచిన పళ్ళెంలో వీటిని పెట్టి ఒక రోజు వెచ్చగా ఉంచితే, మందు పనిచేసిన చోట బిళ్ళ చుట్టూ ఏమీ పెరగని వలయం ఏర్పడుతుంది.

ఐదో ఆకు నాయనమ్మది. ఎల్బీనగర్‌లో మా ఇంటి పక్క ఖాళీ ప్లాటులో కోసుకొచ్చేది. బాపు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పొద్దంతా నిలబడతాడు. కొత్త చెప్పు కరిచి చిటికెన వేలి దగ్గర పుండైంది. ఆయనకు షుగర్. నాయనమ్మ రోజూ ఆకు నూరి కట్టేది, నేను దవాఖానకు పోదామనేవాణ్ణి.

"నీ చదువుతోనే తేల్చు," అన్నాడు బాపు. "ఆకు పనిచేయకుంటె రేపే పోదాం."

మర్నాడు ఐదో బిళ్ళ చుట్టూ వలయం. మూత తీయకుండా అడుగు నుంచే కొలిచాను, పద్నాలుగు మిల్లీమీటర్లు. మిగతా నాలుగూ దాదాపు అంతే. అన్నీ ఒకేలా ఉంటే అనుమానం రావాలి. నాకు రాలేదు. ఫోటో తీసి బాపుకు పంపాను.

"చూసినవా, నా ఆకుకు మీ కాలేజే సర్టిఫికెట్ ఇచ్చింది," అంది నాయనమ్మ. దవాఖాన మాట మళ్ళీ రాలేదు.

నాలుగు రోజులకు ఇంట్లో ఒక వాసన మొదలైంది. తీయగా, బాగా పండిన ద్రాక్షల్లా. ఫ్రిజ్, చెత్తబుట్ట, దేవుడి గూడు, అన్నీ వెతికాను.

"ద్రాక్షలు తెచ్చినవా బాపూ?"

"గిప్పుడు ద్రాక్షలేడివిరా!"

వాసన గదులు మారేది. ఒకసారి హాల్లో, ఒకసారి వంటింట్లో. ఏ గదిలో, ఏ సమయానికి అని నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ గదిలో ఎవరున్నారో మాత్రం రాయలేదు.

వారం తర్వాత ల్యాబ్‌లో పాత పళ్ళెం మూత తీశాను. అదే ద్రాక్షల వాసన. పళ్ళెమంతా పచ్చబడింది.

"ఆ బ్యాక్టీరియా వాసనే అంత," అన్నారు వెనక నిలబడ్డ మా ప్రాజెక్టు గైడ్ మేడమ్. ఆవిడది గుంటూరు వైపు. "పుండులో చేరినా ఇలాగే వస్తుంది, కట్టు పచ్చగా అయిపోతుంది. సరే, ఆరోదాని కొలత ఏదయ్యా?"

ఖాళీదే కదా అని వదిలేశాను. ఇప్పుడు స్కేలు పెట్టాను. మందేమీ లేని బిళ్ళ చుట్టూ పద్నాలుగు మిల్లీమీటర్ల వలయం.

"బిళ్ళలు ఆరకుండానే పెట్టేశావా? అయితే చంపింది ఆల్కహాల్. నీ ఆకులు కాదు."

ఫోన్ తెరిచాను. బాపుకు పంపిన ఫోటోలో, కింది మూలన, ఆరో వలయం మొదటి నుంచీ ఉంది.

మెట్రో ఎక్కి నేరుగా దుకాణానికి వెళ్ళాను. పట్టుచీరల మధ్య ద్రాక్షల వాసన. బాపు ఎవరికో అంచు చూపిస్తున్నాడు. దవాఖానలో కట్టు విప్పితే లోపలి పొర పచ్చగా ఉంది.

చిటికెన వేలు తీసేశారు. పాదం నిలిచింది.

ఫోటో తీసేయమని అడిగితే బాపు తీసేయలేదు. మంచం మీద పడుకొని దాన్ని పెద్దది చేసి చూస్తున్నాడు.

"గీ ఆరోదాంట్ల ఏం మందు పోసినవ్ రా?"

"ఏ మందూ లేదు బాపూ."

"మరి గదే కట్టాల్సింది గద," అని నవ్వాడు. గుమ్మంలో నూరిన ఆకు గిన్నెతో నిలబడ్డ నాయనమ్మ నవ్వలేదు.