మిర్చి కోల్డ్ స్టోరేజీలో పేలిన అణువులు

ఆ రోజుల్లో కరెంటు పోతే మా వీధిలో అందరూ ఉక్కపోతకు ఉసూరుమనేవాళ్ళు, నేను మాత్రం అణువుల కోసం ఏడ్చేదాన్ని. గుంటూరులో పరిశోధన విద్యార్థిని. రెండు పలకల మీద పాలిమర్ పోగుల్ని బ్రష్షు కుచ్చులా నాటి, మధ్యలో నీళ్ళు నింపి, ఒకదాని మీద ఒకటి జారిస్తే రాపిడి ఎంత తగ్గుతుందో లెక్కగట్టడం నా పని. పలకలూ నీళ్ళూ అన్నీ కంప్యూటర్లోనే. (ఎప్పటికైనా కృత్రిమ మోకీళ్ళకు పనికొస్తుందంటే మా అమ్మమ్మ వెంటనే రెండు కావాలని చెప్పేసింది.) మే నెల ఎండకు కంప్యూటరు కాగి ఆగిపోయేది, అది ఆగకపోతే కరెంటు పోయేది. సోమవారం కల్లా ఫలితం చూపించకపోతే అంశం మార్చుకోమని గైడు గారు మెత్తగా చెప్పారు. ఆయన మెత్తగా చెప్పారంటే ఇక తిరుగులేదన్నమాట.

ఆదుకున్నవాడు మా బాబాయి. ఊరి బయట మిర్చి కోల్డ్ స్టోరేజీకి మేనేజరు. "మా ఆఫీసు గది గోడే చల్లగా ఉంటది, జనరేటరుంది. తెచ్చి పెట్టుకోమ్మా," అన్నాడు. పెట్టుకున్నాను. ఘాటుకు తుమ్ముతూనే లెక్క మొదలుపెట్టాను. త్వరగా తేలాలన్న ఆత్రంలో, లెక్కకూ లెక్కకూ మధ్య కాలాన్ని పెద్ద పెద్ద అంగలు వేయించాను. అంగ పెద్దదైతే అణువులు ఒకదానిలోకి ఒకటి దూసుకుపోయి, చెల్లాచెదురవుతాయి. దాన్నే మేం 'పేలిపోవడం' అంటాం. మధ్యాహ్నానికి తెర మీద పోగులన్నీ ఎగిరిపోయాయి. గుమ్మంలోకి పరిగెత్తి అరిచాను, "బాబాయ్, పేలిపోయింది!"

కోల్డ్ స్టోరేజీని చల్లబరిచేది అమ్మోనియా గ్యాసు. ఆ మాట అక్కడ అనకూడదని నాకేం తెలుసు? "ఒరేయ్, గ్యాసు! బయటికి పరిగెత్తండ్రా!" అని బాబాయి పెట్టిన కేకకు హమాలీలు భుజాల మీది మిర్చి టిక్కీ బస్తాలు ఎక్కడివక్కడ పడేసి రోడ్డెక్కారు. సరుకు తెచ్చిన వినుకొండ రైతు ఒకాయన టీ గ్లాసు వదలకుండానే గోడ దూకాడు. బాబాయి మాత్రం ఎదురొచ్చి నా రెక్క పట్టుకున్నాడు.

"ఏం పేలిందమ్మా? ఎక్కడ?"

"అణువులు బాబాయ్... కంప్యూటర్లో."

ఆయన గేటు బయటి జనాన్ని చూశాడు, నన్ను చూశాడు. "ఎవరికీ దెబ్బలు తగల్లేదుగా?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. రోడ్డు మీంచి రైతు అరిచాడు, "పాప ఏడుస్తుందయ్యా, లోపల ఏమైందో చూడండి!"

అందరూ తిరిగొచ్చాక బాబాయి వాళ్ళకి టీ చెప్పి నా పక్కన కూర్చున్నాడు. "పరిగెత్తింది వాళ్ళు, నీకెందుకమ్మా ఆయాసం? మళ్ళీ మొదలెట్టు, నిదానంగా." ఈసారి చిన్న అంగలు. మర్నాడు పలక తడబడకుండా జారింది. నీళ్ళు పీల్చుకున్న పోగుల మధ్య రాపిడిని చూపే గీత తెర మీద దిగుతూ దిగుతూ నేలకానింది. సోమవారం గైడు గారు దాన్ని చాలాసేపు చూసి, "అంశం మార్చకమ్మా, సాగనీ," అన్నారు. అది కూడా మెత్తగానే అన్నారు.

నేనిప్పుడు పాఠాలు చెబుతున్నాను. మొన్న పాత ఫైళ్ళలో ఆ గీత దొరికింది. సగటు సరిగా తీయలేదు, వంకరటింకరగా ఉంది. నా విద్యార్థి తెస్తే తిప్పి పంపేదాన్నే. అయినా దాన్ని ముద్రించుకుని, అర్థమైనా కాకపోయినా కోల్డ్ స్టోరేజీలో ప్రతి హమాలీకీ చూపించి వచ్చిన ఆనాటి పిల్లని, నన్ను మాత్రం ఏమీ అనబుద్ధి కాలేదు.