సున్నం వేసిన రాళ్ళకుప్పలు

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, గురజాల దగ్గర బావి తవ్వుతుంటే పాత సమాధి బయటపడిందనీ, అందులో ఇనుప కత్తి, పూసలు, బోలెడు కుండలు దొరికాయనీ మా నరసరావుపేట బడిలో చెప్పుకున్నారు. చరిత్ర చెప్పేవాణ్ణి, చూడకుండా ఉండలేకపోయాను. ఎవరి పక్కన ఏమి పెట్టి పూడ్చారో చూస్తే ఆనాటి కలిమిలేములు కాస్తయినా తెలుస్తాయని ఆశ.

పొద్దున మాచర్ల రైలెక్కి గురజాలలో దిగేసరికి ఎండెక్కింది. స్టేషను బయట ఇన్నయ్య ఎడ్లబండి రానూపోనూ రెండు రూపాయలకు మాట్లాడుకున్నాను. దారంతా నేనే వాగాను. ఆ రోజు కిరస్తానీలు చనిపోయినవారిని తలచుకునే ఆత్మల పండగనీ, తమ బిడ్డ సమాధికి సున్నం వేయడానికి భార్య మరియమ్మ ముందే వెళ్ళిందనీ మాత్రం అతను చెప్పాడు.

బావి తవ్విన చేనులో మెరక మీద ఉన్న పాత సమాధులను జనం రాక్షసగుళ్ళంటారు. నాలుగు పక్కలా నిలిపిన బండలు, పైన నాపరాతి కప్పు. ఒక్క కప్పు కదలాలంటే ఊరంతా చెయ్యి వేయాలి. కింద పల్లంలో చిన్న చిన్న రాళ్ళకుప్పలు. వానకు కోసుకుపోయిన ఒక కుప్ప అడుగున ఒకే ఒక్క మట్టిముంత కనబడింది. పైన బండలు మోసింది బహుశా ఈ ముంతలవాళ్ళే. రుజువు చేయలేను గాని, అక్కడ నిలబడితే నాకు దుఃఖం వచ్చింది.

చేను ఆసామి రామయ్యగారు అక్కడే ఉన్నారు. మర్నాడు శనగకు దున్నిస్తారట. రాక్షసగుళ్ళ జోలికి పోరు, కుప్పలు మాత్రం తీసేయిస్తారు. వద్దని బతిమాలాను.

"పెద్దోళ్ళవి ఉంచుతున్నాగా మాస్టారూ. ఈ ముంతల కోసం చేను బీడు పెట్టుకోమంటారా ఏంది?"

ఆ కుప్పల నడుమే ఇన్నయ్య బిడ్డ ఉంది. దాని మీదా అవే రాళ్ళు. ఆ సంగతి ఇన్నయ్య తలొంచుకుని చెబితే, ఆయన సున్నం కనబడ్డంతకాలం ఆ సమాధి మీదికి అరక రాదని మాటిచ్చారు.

మరియమ్మ అంతా విన్నది. బిడ్డ సమాధికి సున్నం వేయడం ముగించి, కొవ్వొత్తి వెలిగించి, దణ్ణం పెట్టుకుంది. తరువాత సున్నం కుండ ఎత్తుకుని పక్క కుప్పకూ వేసింది. దాని పక్కదానికీ వేసింది. ఇన్నయ్య వారించబోయి ఆగిపోయాడు. వాగు నుంచి నీళ్ళు తెచ్చి సున్నంలో కలుపుతూ వచ్చాడు. పొద్దు వాలేసరికి పల్లమంతా తెల్లబడింది.

"నీ బిడ్డది ఏదే?" అన్నారు రామయ్యగారు.

"అన్నీ మాయేనయ్యా. ఈళ్ళకి మాత్రం ఏడ్చేవాళ్ళు ఎవరున్నారు?"

ఆయన జీతగాణ్ణి పిలిచి, రేపు అరక మెరక అవతల కట్టమన్నారు.

కప్పురాళ్ళ కొలతలు ఇప్పటికీ తరగతిలో చెబుతుంటాను. చెప్పిన ప్రతిసారీ ఆ తల్లే గుర్తొస్తుంది. బండలున్నవాళ్ళను బండలే కాపాడుకున్నాయి, ముంతలవాళ్ళకు మరియమ్మ దొరికింది. రామయ్యగారు మాట మీద నిలబడే మనిషే, కానీ వానలకు సున్నం నిలవదు. అటు వెళ్ళదలచినవారు పొద్దుటి రైలుకే బయలుదేరండి, వెంట కాస్త సున్నం తీసుకెళ్ళండి.