కూలుంబుల బాబాయ్

ఎవరేం చెప్పినా మా బాబాయ్ అడిగేది ఒకటే ప్రశ్న: "ఎంతసేపు?" తలనొప్పి అన్నా, వాన కురిసిందన్నా, పక్కింటివాళ్లు పోట్లాడుకున్నారన్నా ముందు అదే అడుగుతాడు. ఆయన మెడలో ఎప్పుడూ ఒక స్టాప్‌వాచ్ వేలాడుతూ ఉంటుంది. స్నానానికి వెళ్లేటప్పుడు తీస్తాడు గానీ, స్నానం ఎంతసేపైందో చూసుకోవాలని కిటికీలో పెట్టుకుంటాడు.

ఒకసారి పన్ను నొప్పంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

"పదిలో నొప్పి ఎంత?" అన్నారు డాక్టరుగారు.

"ఆరు. ఉత్త ఆరంటే మీకేం తెలుస్తుందండీ? ఎంతసేపని కూడా అడగాలి. ఆరు నొప్పి, నలభై నిమిషాలు. హెచ్చవేసుకోండి."

డాక్టరుగారు నా వంక చూశారు. నేను గోడ మీది పళ్ల బొమ్మ వంక చూశాను.

పిన్ని అలిగి సాధించడం కూడా ఈయన దగ్గర కుదరదు. "పొద్దుట్నుంచీ మీతో మాట్లాడటం మానేశాను, గమనించారా?" అంది ఓ రోజు. "మూడు గంటల పన్నెండు నిమిషాలు," అన్నాడు బాబాయ్ వాచ్ చూసి. పిన్నికి నవ్వొచ్చేసింది.

ఈ పిచ్చంతా ఆయన బ్యాటరీల కొట్టులో పుట్టింది. మిగతా కొట్లవాళ్లు బ్యాటరీకి మీటరు ఆనించి, ఫుల్లుగా ఉందని పంపించేస్తారు. బాబాయ్ అలా కాదు. దానికి బల్బు తగిలించి, మధ్యలో కరెంటు కొలిచే ఆమ్మీటరు పెట్టి, వాచ్ నొక్కి, బల్బు మసకబారేదాకా ఎదురుగా కూర్చుంటాడు. వచ్చినవాళ్లు తల పట్టుకుంటారు.

"అయ్యా, మీటరు చెప్తోంది కదా!"

"అది మొహం చూసి చెప్తుంది. నాకు కడుపులో ఎంతుందో కావాలి. కుళాయి ధార చూసి బిందెలో ఎన్ని నీళ్లు పడ్డాయో చెప్పగలవా? ఎంతసేపు పట్టావో తెలియాలి. ధార కరెంటు, పడ్డ నీళ్లు చార్జి. ఒక ఆంపియరు ఒక సెకను పారితే ఒక కూలుంబు. కూర్చో, ఇంకో గంట."

అందుకే వీధి వీధంతా ఆయన్ని కూలుంబుల బాబాయ్ అంటారు.

మా అత్త, అంటే బాబాయ్‌కి అక్క, లైబ్రరీలో పుస్తకాలు కుట్టి అట్టలు వేస్తుంది. కాళ్లు పడిపోయాక బ్యాటరీతో నడిచే చక్రాల కుర్చీలో వెళ్లొచ్చేది. ఒక సాయంత్రం వంతెన ఎక్కుతుండగా ఆ కుర్చీ నడిరోడ్డు మీద ఆగిపోయింది. నలుగురు ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇంటిదాకా తోసుకొచ్చారు. వాళ్లకు దణ్ణం పెట్టి లోపలికెళ్లిన మనిషి ఎనిమిది నెలలు గడప దాటలేదు. చివరికి, ఒకటో తారీఖుకి రాకపోతే ఆ పని ఇంకొకరికి ఇస్తామని లైబ్రరీ నుంచి కబురొచ్చింది.

"రోజూ నేను తీసుకెళ్తానత్తా," అన్నాను.

"నన్ను తోసేవాళ్లు నాకొద్దు. వెళ్తే ఒక్కదాన్నే వెళ్తా, లేకపోతే లేదు."

అందరం సర్ది చెప్పబోయాం. బాబాయ్ మాత్రం, "వంతెన ఎక్కడానికి ఎంతసేపు పడుతుందక్కా?" అన్నాడు. ఇదా సమయం అని పిన్ని నెత్తి కొట్టుకుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం వీధంతా విరగబడి నవ్వింది. బాబాయ్ అత్త కుర్చీలో కూర్చుని వెళ్తున్నాడు. ఆమె కంటే తను పదకొండు కిలోలు తక్కువని ఒళ్లో ఇటుకలు పెట్టుకున్నాడు. చేతి పక్కన ఆమ్మీటరు కట్టి ఉంది. కొట్లోంచి తెచ్చిన వేరే బ్యాటరీలు మార్చుకుంటూ అలా ఏడుసార్లు వెళ్లొచ్చి నాకు కాగితం చూపించాడు.

"చదును మీద నాలుగు ఆంపియర్లు, ఇరవై నిమిషాలు. వంతెన మీద పన్నెండు, మూడు నిమిషాలు. వెళ్లడానికి సుమారు ఏడువేల కూలుంబులు, రావడానికి ఇంకో ఏడు. పాత బ్యాటరీకి బల్బు పెట్టి చూశాను. దాన్లో పట్టేది తొమ్మిదివేల ఆరొందలే."

"అంటే తిరిగొచ్చేటప్పుడు..."

"సరిగ్గా వంతెన దగ్గర అయిపోతుంది. ఈ బ్యాటరీ బిగించిన రోజు బల్బు పెడతానన్నాను. తొందరపెడితే మీటరు చూసి పంపించేశాను. నా జన్మలో ఎంతసేపని అడగనిది ఆ ఒక్కసారే రా."

ఆ రోజు తొందరపెట్టింది నేనే. బాబాయ్ ఆ మాట అనలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

"పోనీ, అత్తకి తెలియకుండా వెనకాల వెళ్లనా?"

"వెనకాల మనిషి ఉంటే అక్క ఒక్కతే వెళ్లడం ఎలా అవుతుంది? నా లెక్క సరిగ్గా ఉంటే మనిషి అక్కర్లేదు."

కొత్త బ్యాటరీలు రెండు తెచ్చి, బల్బు పరీక్షలో తప్పాయని తిప్పి పంపేశాడు. మూడోదానికి రెండు ఆంపియర్ల బల్బు పెడితే పొద్దున ఎనిమిదికి వెలిగింది సాయంత్రం ఆరింటిదాకా మసకబారలేదు. డెబ్బై రెండువేల కూలుంబులు! ఆ పది గంటలూ బాబాయ్ దాని ముందు నుంచి లేవలేదు. అన్నం కూడా అక్కడే తిన్నాడు.

ఒకటో తారీఖున అత్త ఒక్కతే వెళ్లింది. సాయంత్రం ఐదుకి, అక్కడ బయల్దేరుతుందని బాబాయ్ వాచ్ నొక్కాడు. ఐదూ ఇరవై మూడుకి రావాలి. రాలేదు. ఐదూ ముప్పైకి బాబాయ్ చెప్పులు వేసుకున్నాడు. ముప్పై ఐదుకి విప్పేశాడు. నలభైకి మళ్లీ వేసుకుని, ఒక చెప్పు విప్పి, ఒంటికాలి చెప్పుతో గేటు దగ్గర నిలబడ్డాడు. అప్పుడు సందు మొదట్లో కుర్చీ కనిపించింది.

"అక్కా, ఎంతసేపు..." అంటూ ఒంటి చెప్పుతోనే ఎదురెళ్లాడు.

"ఇరవై రెండు నిమిషాలు ఆలస్యం. వంతెన మీద ఆగి నది చూశాను రా."

"వంతెన మీదా! మరి కూలుంబులు?"

"స్విచ్చి కట్టేసే చూశాను. అప్పుడు కరెంటు సున్నా కదా. సున్నాని ఎంతసేపుతో హెచ్చవేస్తే ఎంతవుతుంది రా?"

"సున్నాయే అక్కా," అన్నాడు బాబాయ్, చేటంత మొహం చేసుకుని.

ఆ సాయంత్రం అత్త లైబ్రరీ కబుర్లు చెబుతూనే ఉంది. భోజనాలు వడ్డించబోతూ పిన్ని చూసి చెప్పేదాకా, వాచ్ ఇంకా తిరుగుతూనే ఉందని బాబాయ్‌కే తెలియదు.