రజియా ఆపా ఎక్కించిన డ్రైవర్

ప్రింటర్‌లోంచి అప్పుడే జారిన కాగితం వేడి నా వేళ్ళకు తగిలితే నాకు ముందు కోపం వస్తుంది. ఆ తర్వాతే రజియా ఆపా గుర్తొస్తుంది.

సిద్దిపేట బస్టాండు వెనక సందులో ఆపాకు, అంటే మా అందరి అక్కకు, చిన్న ప్రెస్సు ఉండేది. భర్త పోయాక ఒక్కతే నడిపింది. డిగ్రీ అయ్యాక నేను అక్కడ టైపింగ్ పనికి చేరాను. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజులవి. పెళ్ళి పత్రికలకన్నా కరపత్రాలే ఎక్కువ వేసేవాళ్ళం. కొత్త ప్రింటర్ కొన్నప్పుడు హైదరాబాదు నుంచి మెకానిక్ వచ్చి డ్రైవర్ ఎక్కించాడు. కంప్యూటర్ పంపింది ప్రింటర్‌కు అర్థం కావాలంటే ఆ ప్రోగ్రాం ఉండాలి. "ఎట్ల ఎక్కించిన్రో జర చూపియ్యిన్రి సార్" అని ఆపా అడిగింది. "అవన్నీ మీకెందుకమ్మా?" అన్నాడతను. తెర మీది కరపత్రం చూసి నవ్వాడు కూడా. "'మా నీళ్ళు మాకు గావాలె'... ఇదేం భాష? ముందు తెలుగు నేర్చుకోండి." నేను తల దించుకున్నాను. ఆపా దించుకోలేదు. "గిది మా బజార్ల మాట్లాడే తెలుగు సార్. గిట్లనే అచ్చయితది" అంది.

కొన్నాళ్ళకు ఆ కంప్యూటర్ పూర్తిగా చెడిపోయింది. ఆపా తన తమ్ముడి కంప్యూటర్ తెచ్చి పెట్టింది. అందులో డ్రైవర్ లేదు. డ్రైవర్ ఉన్న డిస్కు కోసం వెతికితే కనబడలేదు. మర్నాడే ఆడవాళ్ళ దీక్ష, సాయంత్రానికల్లా కరపత్రాలు కావాలి. మెకానిక్‌కు ఫోన్ చేశాను. "డిస్కు నా దగ్గరే ఉంది. బంద్‌లు చేసేది మీరే కదా, అనుభవించండి" అని ఫోన్ పెట్టేశాడు. మా ప్రింటర్ పెట్టెలో వచ్చిన డిస్కు అది! ఒళ్ళు మండిపోయింది. ఏడుపొచ్చింది.

"ప్రింటర్ మనది, పని మనది. లే పద్మా" అంది ఆపా. నెట్ సెంటర్‌కు వెళ్ళి డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాం. ఎక్కిస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వచ్చాయి. ఆపా ప్రింటర్‌తో వచ్చిన ఇంగ్లిష్ పుస్తకాన్ని ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదివింది. "గీడ జూడు. చెప్పేదాంక వైరు పెట్టొద్దని ఉన్నది. మనం ముందే పెట్టినం." అంతా తీసేసి, మళ్ళీ ఎక్కించి, అడిగినప్పుడే వైరు పెట్టాం. 'మాకు గావాలె' అని ఒత్తులూ గుణింతాలూ చెదరకుండా బయటికొచ్చింది.

నేను మిగతా కరపత్రాలన్నీ వేయబోయాను. ఆపా ఆపింది. "ఇప్పుడు డ్రైవర్ మళ్ళ తీసెయ్. నువ్వు ఎక్కియ్యి."

"టైం లేదు ఆపా!" అని అరిచాను.

"రేపు నేను లేకుంటే ఎవల కాళ్ళు పట్టుకుంటవ్?"

విసుక్కుంటూనే ఎక్కించాను. కరపత్రాలు దీక్ష శిబిరానికి ఆలస్యంగానే చేరాయి గానీ, చేరాయి.

రాష్ట్రం వచ్చింది. ఆపా ఇప్పుడు లేదు. ఇతరుల దుకాణాల్లో ప్రింటర్లు బిగించడం నా బతుకుతెరువయింది. మొన్న మద్దూరులో పని ముగించి సంచి సర్దుకుంటుంటే దుకాణం ఆమె "ఎట్ల చేసిన్రు మేడం?" అని అడిగింది. బస్సు టైమైంది. విసుక్కోబోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఎక్కించిందంతా తీసేసి, లేచి నిలబడి, కుర్చీ ఆమె వైపు జరిపాను.