దారికి అడ్డంగా మంచం

2022 వేసవి. చిత్తూరులో కలెక్టరాఫీసు ఎదుట నాదొక చిన్న డీటీపీ గది. అర్జీలు టైపు చేసి ప్రింటు తీసిస్తాను. సోమవారాలు గ్రీవెన్స్, అంటే అధికారులు జనం దగ్గర నేరుగా అర్జీలు తీసుకునే రోజు. మండీలకు పోయే ట్రాక్టర్ల నుంచి మామిడి వాసన వచ్చి, గదంతా మగతగా ఉంది.

నా కంప్యూటర్లో ఒక టెంప్లేట్ ఉండేది. పేరూ ఊరూ మారిస్తే చాలు, అర్జీ తయారు. అందులో 'దాష్టీకం' అన్న మాట మూడుచోట్ల పెట్టుకున్నాను. ఆ మాట పడితే అర్జీకి బరువొస్తుందని నాకు మహా గర్వం.

ఆ రోజు కాణిపాకం వైపు పల్లె నుంచి సుగుణమ్మ వచ్చింది. భర్త పోయాక మామిడితోట తానే చూసుకుంటోంది. తోటకు పోయే బండిదారిని ఊళ్ళో పెద్దరైతు మూసేశాడని, కాయలు చెట్టుమీదే మాగి రాలిపోతున్నాయని చెప్పింది. టైపు చేసి చదివి వినిపించాను.

"దాష్టీకమంటే ఏందన్నా?" అని అడిగింది.

బలముంది, అడిగేవాడు లేడని మనిషిని నలిపెయ్యడం అన్నాను.

"ఆయప్ప నన్ను కొట్టలేదు, తిట్టనూ లేదన్నా. దావకి అడ్డంగా మంచమేసుకోని కూసోనుంటాడు. నేను పోతే నవ్వుతాడు. మంచం మాత్రం తియ్యడు. నిలబడి నిలబడి ఎనక్కొచ్చేస్తా."

నాకు సిగ్గేసింది. టెంప్లేటంతా చెరిపేసి ఆ మంచం గురించే రాశాను. ఎక్కడ వేస్తాడు, ఆమె ఎంతసేపు నిలబడుతుంది, అంతే. అధికారి చదివి, తలెత్తి, "రోజూనా?" అని అడిగాడట. ఎండార్స్‌మెంట్, అంటే ఎవరేం చెయ్యాలో అర్జీ మీదే రాసే ఆదేశం, అప్పుడే పడింది.

ఆ వారమంతా మధ్యాహ్నం కునుకు పట్టినప్పుడల్లా నాకు ఆ మంచం కనబడేది. దాని ముందు నేనూ నిలబడి ఉండేవాణ్ణి. రమ్మనేవారు లేరు, పొమ్మనేవారూ లేరు.

తాసిల్దారు వెళ్ళి చూశాడు. రికార్డులో అది బండిదారే. మంచం లేచిపోయింది. ఆ సంగతి చెప్పడానికి సుగుణమ్మ మళ్ళీ వచ్చింది.

"మిగిలిన కాయ దక్కిందన్నా. దావ ఖాళీగానే ఉండాది. అయినా ఆడికి పోతానే నా కాళ్ళు నిలబడిపోతా ఉండాయి."

దాష్టీకమన్న మాటకు నేను చెప్పిన అర్థం సగమేనని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఎవరొచ్చినా, కీబోర్డు మీద చెయ్యి పెట్టకముందే అడుగుతాను.

"యాడ నిలబడిపోయినావమ్మా?"