గోళ్లు లేని మల్లి

రాయచోటిలో బట్టల కొట్టు వాసుదేవ్ భార్య సుందరలక్ష్మి 2004లో మల్లి అనే పిల్లిని తెచ్చి పెంచుకుంది. పొరుగింటి ఇంజనీరు బదిలీ మీద పోతూ వదిలేసిన పిల్లి అది. సోఫాలు గీకుతోందని వాళ్లు పట్నంలో ఆపరేషన్ చేయించి, దాని గోళ్లను వేళ్ల కొసలతో సహా తీయించేశారు. అంత చదువుకున్నవాళ్లకు సోఫానే ముఖ్యమైంది.

మల్లికి అడుగు వేస్తే నొప్పి. సుందరలక్ష్మి ఏటి ఇసుకను మెత్తగా జల్లించి అది దొడ్డికి పోయే తొట్టిలో పోసేది. ఎండాకాలం నాపరాళ్ల మీద తడి గోనెపట్టాలు పరిచేది. పశువుల డాక్టరిచ్చిన మందు పెరుగులో కలిపి నాకించేది. బయటికి మాత్రం వదిలేది కాదు.

వాసుదేవ్ కొట్టుకు బయల్దేరేటప్పుడు పిల్లి ఎదురు రాకూడదు. అందుకని రోజూ ఆ వేళకు ఆమె మల్లిని వంటింట్లో పెట్టి తలుపు వేసేది. ఒక శ్రావణ శుక్రవారం ఆమె గుడికి వెళ్లింది. వాసుదేవ్ పిల్లిని పెరట్లోకి తోలి, గడియ పెట్టి వెళ్లిపోయాడు. పెరటి గేటు తెరిచి ఉందని చూసుకోలేదు. ఆమె వచ్చేసరికి కుక్కలు మల్లిని చంపేశాయి.

"పిల్లి గదా, గోడెక్కుతాదిలే అనుకుంటి," అన్నాడతను తల వంచుకుని.

"ఎక్కేదానికి శానా చూసిండాది. ఈడ చూడండి," అందామె.

గోడ సున్నం మీద ఒక్క గీత కూడా లేదు. మోకాలెత్తు దాకా, ఒకదాని మీద ఒకటిగా, మెత్తటి పాదాల మట్టి ముద్రలే ఉన్నాయి.